బస్తా బావ బరువు

నా బావమరిదిని పనిలో అందరూ ఉడత అంటారు. నన్ను బస్తా అంటారు. ఇద్దరం ఇళ్లకు రంగులు వేసేవాళ్లం. వాడు ఎక్కుతాడు, నేను కూర్చుంటాను.

కూర్చోవడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. మేడ గోడకు బయటినుంచి రంగు వేయాలంటే కింది నుంచి కర్రలు నిలబెట్టి, తాళ్లు బిగించి పరంజా కట్టాలి. దానికి ఒక పూట పడుతుంది. ఉడతకు అంత ఓపిక ఏది? పొడుగాటి చెక్క ఒకటి కిటికీలోంచి బయటికి తోస్తాడు. లోపలి కొస మీద నేను మఠం వేసుకుని కూర్చుంటాను. బయటి కొస మీద వాడు నిలబడి రంగు కొడతాడు. నేను తొంభై కిలోలు, వాడు యాభై అయిదు. ఇరవై ఏళ్లుగా ఇదే లెక్క.

మోకాళ్లు పాడై నేను నిచ్చెన ఎక్కడం మానేసి ఏడేళ్లయింది. అప్పటినుంచి నాకున్న పనల్లా బరువుగా ఉండటమే.

నేను మాట్లాడే మనిషిని కాను. వాడు కాసేపటికోసారి బయటినుంచి "బావా, ఉన్నావా?" అంటాడు. నేను "ఊ" అంటాను. ఆ ఊ మీదే వాడు అంతెత్తున నిలబడతాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. షుగర్ అని తేలాక మా ఆవిడ, అంటే వాడి అక్క, నా కంచం మీద పగబట్టింది. గరిటెలు పోయి చెంచాలు వచ్చాయి. ఆర్నెల్లలో అరవై రెండుకు దిగాను. డాక్టరు భుజం తట్టాడు. నేను మాత్రం ఉడతకు చెప్పలేదు. చెబితే "పోనీలే బావా, ఇంక ఇంటిపట్టున ఉండు" అంటాడు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని గోడలు చూడటం నావల్ల కాదు. అవన్నీ నేను రంగేసిన గోడలే.

అందుకని చొక్కా మీద చొక్కా, దాని మీద ఇంకో చొక్కా తొడిగాను. జేబుల్లో లప్పం పూసే రేకులు, ఒక సుత్తి, పాత తాళంకప్ప వేసుకున్నాను. నడిస్తే గిన్నెల కొట్టు నడిచినట్టుంది.

"ఏంటి బావా ఆ చప్పుడు?"

"మోకాళ్లు."

నమ్మాడు.

ఆ రోజు పని ఒక టీచరమ్మ ఇంట్లో. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయినా ఆవిడ గొంతు ఇంకా బడిలోనే ఉంది. మూడో అంతస్తులో మోకాలెత్తు గోడ మీద ఊచల్లేని కిటికీ. గదిలో ఇనప బీరువా అడ్డం వచ్చి చెక్క లోపలికి ఎప్పుడూ ఉండేంత పొడుగు రాలేదు. ఉన్నంతవరకు లాగి, కొస కింద ఖాళీ రంగు బకెట్ బోర్లించాం.

"బీరువా జరుపుదాం" అన్నాను. నాకది ఉపన్యాసం కింద లెక్క.

"అది జరిగేలోపు సగం గోడ అయిపోద్ది. బీరువాకి అన్నలాంటోడివి నువ్వున్నావుగా!" అని ఉడత బయటికి దూకినట్టే వెళ్లాడు.

మొదట బాగానే ఉంది. వాడు పాడుకుంటున్నాడు. నేను గుడ్లప్పగించి బీరువా అద్దంలో నన్నే చూసుకుంటున్నాను. ఇంతలో నా కింద "టక్" అంది.

చెక్క కొస బకెట్ మీంచి లేచి మళ్లీ దిగింది. వాడు ఒక అడుగు అవతలికి జరిగాడు. టక్. ఈసారి కాస్త తీరిగ్గా దిగింది. చెమట మూడు చొక్కాలనూ తడిపేసింది. కింద సిమెంటు నేల, దాని మీద టీచరమ్మ పూలకుండీల వరస.

"బావా, ఉన్నావా?"

"ఊ." అది అబద్ధమని నాకే అనిపించింది. నేను సగమే ఉన్నాను.

ఉన్న మాట చెబితే వాడు అదిరిపడి గంతేస్తాడు. గంతేస్తే చెక్క తిరగబడుతుంది. ఏం చెయ్యాలా అని చూస్తుంటే టీచరమ్మ పాత పేపర్లు పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఆ బకెట్ రంగు నేలకు అంటుకుంటోంది. కాస్త లే, కింద పేపరు పరుస్తాను."

"లేవనమ్మా."

"లే అంటుంటే!"

అప్పుడు నా జన్మలో ఆడని మాటలన్నీ ఒక్కసారే గొణిగాను. "అమ్మా, నేను లేస్తే వాడు పోతాడు. లేవకపోయినా పోయేట్టున్నాడు. నేను చాలా తగ్గిపోయాను. దండం పెడతాను, మీరు కూడా వచ్చి ఇక్కడ కూర్చోండి. వాడికి తెలియనీకండి."

ఆవిడ కిటికీ వైపు చూసింది. బకెట్ వైపు చూసింది. టక్. పేపర్లు వదిలేసి, నా పక్కన ధడాలున కూలబడింది. నిండైన మనిషి. బకెట్ కుయ్యోమంది. జన్మలో ఏ చప్పుడూ నా చెవికి అంత ఇంపుగా లేదు.

"ఒరేయ్ ఉడతా, టీ వచ్చింది, రా" అన్నాను.

"ఉండు బావా, ఈ మూల ఒక్కటే!" టక్ అనలేదు గానీ చెక్క మూలిగింది.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "బయట నిలబడ్డది ఎవరు? కుంచె కింద పెట్టు. అల్లరి చెయ్యకుండా, ఒక్కొక్క అడుగే వేస్తూ లోపలికి రా."

యాభై ఏళ్లవాడు బుద్ధిగా వచ్చి గదిలోకి దిగాడు. చెక్క మీద మేమిద్దరం ఒకర్నొకరు ఆనుకుని కూర్చుని ఉండటం చూసి పెళ్లిపీటల మీద జంటను చూసినట్టు ఆగిపోయాడు.

"ఏంటి బావా ఇది?"

లేచి చొక్కాలు ఒక్కొక్కటే విప్పాను. సుత్తి కింద పడింది, తాళంకప్ప పడింది. మూడో చొక్కా విప్పేసరికి వాడి ముఖం పాలిపోయింది.

"ఎంతున్నావు?"

"అరవై రెండు."

వాడు వేళ్ల మీద ఏదో లెక్కేసి నేల మీద చతికిలబడ్డాడు.

"చెప్పొచ్చుగా!"

"ఇంట్లో కూర్చోమంటావని."

"కూర్చోమంటానా? అక్క కూర్చోనిస్తుందా నిన్ను?"

టీచరమ్మ మోచేయి రుద్దుకుంటూ అంది: "రేపు పరంజా కడితేనే గేటు తీస్తాను. ఈ చెక్క ఇక్కడే ఉంటుంది, నా దగ్గర." పిల్లల దగ్గర గోళీలు లాక్కున్నట్టే లాక్కుంది.

మర్నాడు పరంజా కట్టాం. కర్రలు వాడు నిలబెట్టాడు, కింది ముళ్లన్నీ నేను వేశాను. మోకాళ్లు పోయాయి గానీ వేళ్లు పోలేదు. పైముళ్లు వాడు వేస్తుంటే కింద నుంచి కనిపెట్టి, రెండు విప్పించి మళ్లీ కట్టించాను. వాడి నడుముకు బెల్టు బిగించి, దాని తాడు పైకెక్కాక ఎక్కడ కట్టాలో చూపించాను. పూట పడుతుందనుకున్నది రెండు గంటల్లో అయింది. ఇరవై ఏళ్లుగా మేం భయపడింది ఆ రెండు గంటలకు.

నేను నీడలో కుర్చీ వేసుకుని, చక్కెర లేని టీ తాగుతున్నాను. పైనుంచి అలవాటు కొద్దీ కేక వచ్చింది.

"బావా, ఉన్నావా?"

నేను పలకలేదు.

"బావా?"

ఇంకో గుక్క తాగాను. పైన కుంచె ఆగింది. ఉడత రెండు చేతులతో కర్రను కావలించుకుని కిందికి తొంగి చూశాడు. నన్ను చూశాడు, టీ గ్లాసు చూశాడు, తన నడుముకున్న తాడు లాగి చూసుకున్నాడు. ఆ తర్వాత వాడు తిట్టిన తిట్లన్నీ టీచరమ్మ కిటికీలోంచి వింది. దిగాక గుంజీళ్లు తీయించింది.