అమ్మడు చెప్పిన హాలు

పళ్ల మేస్త్రి అంటే పళ్లమ్ముకునేవాడు కాదు, కట్టుడు పళ్లు చేసేవాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని ఆ నోటికి సరిపోయే పన్ను తయారుచేస్తాడు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో అతన్నే అడగాలి. సిగరెట్లు కాల్చేవాళ్ల తెలుపు వేరు, చిన్నపిల్లల తెలుపు వేరు. అతను చేసిన పన్నుకీ పక్క పన్నుకీ తేడా కట్టుకున్న పెళ్లాం కూడా కనిపెట్టలేదని పేరు. అతని పెళ్లాం అతన్నే వదిలేసి వెళ్లిపోయింది, అది వేరే సంగతి.

వెళ్లి, మళ్లీ పెళ్లి చేసుకుని, ఊరికి అటు చివర కాపురం పెట్టింది. తొమ్మిదేళ్ల కూతురు ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆదివారం పొద్దున తండ్రి దగ్గరికి వస్తుంది, సాయంత్రం వెళ్లిపోతుంది. అతనే స్కూటరు మీద తీసుకెళ్లి గేటు దగ్గర దింపుతాడు. ఆ ఇంట్లో దీపాలు వెలుగుతుంటాయి, కిటికీలు తెరిచే ఉంటాయి. చూడటం మర్యాద కాదని, చూసి తట్టుకోవడం తనవల్ల కాదని, తల వంచుకునే వెనక్కి తిరుగుతాడు.

పిల్ల ఒక్క రాత్రి కూడా అతని దగ్గర ఉండలేదు. "ఉంటానంటే ఉంచుకో, నేను ఆపను. వద్దంటే మాత్రం బలవంతపెట్టకు" అని తల్లి ముందే చెప్పేసింది. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే దానిమీద కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

ఉండనన్నందుకు పిల్లని అనడానికేం లేదు. ఒంటికాయ శొంఠికొమ్ము కొంప అది. హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇస్త్రీ బల్ల, పాత అద్దెవాళ్ల టీవీ ఊడదీసిన చోట గోడ మీద నల్లటి మరక. సాయంత్రం ట్యూబులైటు వేస్తే తండ్రీకూతుళ్లు ఆస్పత్రిలో నంబరు కోసం కూర్చున్నట్టుండేవారు. "నాన్నా, టైమెంతయింది?" అని పిల్ల అడిగేది. ఆ ప్రశ్న వింటే అతనికి మనసు చివుక్కుమనేది.

ఒకరోజు ఫోన్లో అడిగాడు. "అమ్మడూ, మన హాలు ఎలా ఉంటే నీకు బాగుంటుంది?"

అవతల పిల్ల తలుపు దగ్గరికేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "సోఫా బ్రౌన్."

"కాఫీ పొడి బ్రౌనా, చాక్లెట్ బ్రౌనా?"

"కాఫీ పొడి. సోఫా వెనక గోడేమో టీల్."

"అదేం రంగే తల్లీ? నీలమా, పచ్చా?"

"రెండూ కాదు నాన్నా. నెమలి మెడ రంగు కొంచెం మాసిపోతే ఎలా ఉంటుంది? అలా."

"అలా చేస్తే ఒక రాత్రి ఉంటావా?"

"ఉంటా" అంది, ఆలోచించకుండా. అతని నెత్తిన పాలు పోసినట్టయింది.

ఇక చూడాలి ఆ మనిషి అవస్థ. రంగుల కొట్లో కార్డులన్నీ తిప్పితిప్పి, ఏదీ మాసిన నెమలి మెడలా లేదని, నీలం ఇంత, పచ్చ ఇంత, నలుపు చుక్కంత కలిపించాడు. సొంతంగా గోడకి వేసుకున్నాడు. ఆరాక చూసి, పచ్చ ఎక్కువైందని మళ్లీ వేశాడు. రోజూ ఫోన్ చేసి పిల్లని పీక్కుతినేవాడు. దిళ్లు ఎన్ని? రెండు టీల్, ఒకటి బ్రౌన్. దీపం ఎక్కడ? సోఫాకి ఎడమవైపు, నేలమీద నిలబడేది. "ఇల్లు కడుతున్నావా, పన్ను కడుతున్నావా?" అని ల్యాబులో వాళ్లు వేళాకోళం చేస్తే నవ్వేశాడు. చాలాకాలానికి ఆ మనిషి నవ్వడం చూశారు వాళ్లు.

శనివారం సాయంత్రం తల్లి కారులో తీసుకొచ్చి కింద దింపింది. పిల్ల బ్యాగు తగిలించుకుని మెట్లెక్కి వచ్చింది. అతను తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు, దీపం ముందే వెలిగించి ఉంచాడు.

పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు ఇంతింత చేసుకుని గోడని చూసింది, సోఫాని చూసింది. "నాన్నా! నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చావ్?"

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"అచ్చం మా హాలే!" పిల్ల బూట్లు విప్పేసి పరిగెత్తుకెళ్లి, బ్యాగు సోఫా మీద పడేసి, కుడి మూల ఎక్కి కూర్చుంది. "ఇది నా చోటు. మధ్యలో అమ్మ. దీపం పక్కన అంకుల్ కూర్చుని పేపరు చదువుతాడు." అంతలో తండ్రి మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మా ఇంటి మాటలు ఇక్కడ చెప్పకూడదంది అమ్మ. చెప్తే తిడుతుంది. బాగుండే హాలు అడిగావు కదా నాన్నా, నాకు తెలిసింది అదొక్కటే."

పళ్ల మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరి సంసారాన్ని కళ్లెత్తి చూడలేకపోయాడో దాన్ని తన చేతులతోనే, రెండేసి పూతలు వేసి మరీ, తన ఇంట్లో నిలబెట్టుకున్నాడు. ఏడవాలనిపించింది. పిల్ల చూస్తోందని ఏడవలేదు.

"బాగుందా అమ్మడూ?" అన్నాడు.

"చాలా బాగుంది. నేనుంటా."

ఆ మాటతో అతని ప్రాణం కుదుటపడింది. ఎవరి హాలైతేనేం, పిల్ల ఉంటానంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. "దిండు కార్లోనే మర్చిపోయింది. అది లేకపోతే దీనికి నిద్రపట్టదు" అంటూ తల్లి వచ్చింది. లోపలికి చూసి మాట ఆపేసింది. ఆవిడ చూపు గోడ మీంచి దిళ్ల మీదికి, దిళ్ల మీంచి దీపం మీదికి వెళ్లింది.

"ఏంటిది?" అంది. కోపంగా కాదు, భయంగా. పిల్ల వైపు తిరిగింది. "నువ్వు చెప్పావా?"

పిల్ల సోఫా మూలకి ముడుచుకుపోయింది.

"దాన్నేం అనకు. నేనే చూశాను" అన్నాడు పళ్ల మేస్త్రి. "దింపడానికి వచ్చినప్పుడు. కిటికీలోంచి."

"కిటికీలోంచా? ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

ఆవిడ చేతిలోని దిండు చంకలో పెట్టుకుని, సోఫా మీది బ్యాగు అందుకుంది. "మా ఇంట్లోకి తొంగిచూసే మనిషి దగ్గర పిల్లని రాత్రి ఎలా వదలను? ఇకనుంచి పార్కులో కలుద్దువుగాని. నేనూ అక్కడే ఉంటాను" అంది. "బూట్లు వేసుకుని రా, కింద ఉంటాను" అని పిల్లతో చెప్పి దిగిపోయింది.

అతను మోకాళ్ల మీద కూర్చుని పిల్లకి బూట్లు తొడిగాడు. లేసు ఎంతకీ ముడిపడలేదు.

"నాన్నా, నువ్వెప్పుడూ కిటికీలోంచి చూడలేదు కదా?"

"లేదమ్మా."

"మరి అమ్మ ఎలా నమ్మేసింది?"

అతను రెండో బూటు లేసు అందుకున్నాడు. కింద కారు హారన్ మోగింది.