చీటీ పడిన ఇల్లు

ఆరోగ్య సర్వేకొచ్చిన అమ్మాయి తమ గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళి ఎదురింటి శాంభవి గడప ఎక్కేసరికి జీవరత్నానికి ఒళ్ళు మండిపోయింది. వన్‌టౌన్ కొండవాలున ఆ సందులో ఏ మర్యాదైనా ముందు శాంభవికే. ఇప్పుడు గవర్నమెంటు కూడా ఆవిడనే వెతుక్కుంటూ వచ్చింది.

చేటలో బియ్యం ఏరుతోందన్న మాటే గానీ జీవరత్నం చెవులన్నీ అక్కడే. ఉండబట్టలేక వెళ్ళి, మా ఇల్లేం పాపం చేసిందని అడిగేసింది. ఫరహత్ అనే ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఇల్లిల్లూ తిరగడం కుదరదనీ, కంప్యూటరు చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్ళను తీస్తుందనీ, ఈ ఇంటివాళ్ళు చెప్పిందే చుట్టుపక్కల బోలెడు ఇళ్ళ మాటగా లెక్కకెక్కుతుందనీ చెప్పింది. అది విని శాంభవి కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

తన మాటా ఈవిడ నోటితోనేనా అనుకుంది జీవరత్నం అక్కసుగా.

ఈ మధ్య పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడిగింది ఫరహత్.

"మా ఇంట్లోనా? అబ్బే, అలాంటివేం లేవండీ," అంది శాంభవి.

జీవరత్నం గబుక్కున రెండడుగులు ముందుకు వేసింది. మొన్ననేగా, మురుగు కంపు కొట్టే కుళాయి నీళ్ళు తాగి శాంభవి కొడుకు శ్రీచరణ్, తన కూతురు ఏంజెల్ పక్కపక్క మంచాల మీద సెలైన్ ఎక్కించుకున్నారు. ఈవిడ పరువుకు పోతోంది. ఇక్కడ జబ్బే లేదని రాసుకుపోతే ఆ పైపు ఎవరు బాగుచేస్తారు? ఏంజెల్ మళ్ళీ మంచాన పడితే? ఈసారి లేవకపోతే?

నేను చెప్తా రాసుకోమంది. అలా కుదరదంది ఫరహత్. చీటీ పడిన ఇంటివాళ్ళే చెప్పాలట, లేకపోతే లెక్క చెడుతుందట.

శాంభవిని కరివేపాకు రెబ్బ కూడా అడగకూడదని పంతం పట్టిన మనిషి, ఆవిడ కుర్చీ పక్కనే చతికిలబడింది.

"వదినా, నువ్వంటే నాకు కుళ్ళే, నీకూ తెలుసు. చీటీ నాకు పడుంటే దాచకుండా చెప్పేదాన్ని. పడలేదు. నా పిల్ల బతుకు నీ నోట్లో ఉంది."

శాంభవి ముఖం కందిపోయింది. "ఊరంతా చాటించు ఇంక," అని గొణిగి, పేర్లు బయటపెడతారా అని ఫరహత్‌ని అడిగింది. పెట్టరని తెలిశాకే నోరు విప్పింది.

"మా చరణ్‌కి అయ్యాయి. ఆస్పత్రిలో పెట్టాం. రాసుకో అమ్మా."

ఫరహత్ ట్యాబులో జవాబు మార్చింది. తరవాతి ప్రశ్న తాగే నీళ్ళ గురించి. శాంభవి పక్కనున్న స్టూలు చూపించి కూర్చోమంది. జీవరత్నం లేచిందే గానీ స్టూలు మీద కూర్చోలేదు. అంత మంచి ప్రశ్నలు తననెవరూ అడగనందుకు లోలోపల కుతకుతలాడుతూ, ఆవిడ ఒక్కో జవాబూ సరిగ్గా చెప్తోందో లేదోనని ఆఖరిదాకా గుమ్మంలో నిలబడి కాపలా కాసింది.