మామిడికాయ పాఠం

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. బస్తరు సంస్థానంలోని భోపాల్‌పట్నంలో కొట్టు నడిపే కాశీవిశ్వనాథం భార్య మంగాదేవి మాత్రం కీడు దగ్గరే ఆగిపోయే మనిషి. భర్త సరుకు కోసం ఇంద్రావతి దాటి వెళ్లి ఒక పూట ఆలస్యమైతే చాలు, పడవ మునిగిందని ఖాయం చేసుకునేది. అలాంటి తల్లికి కూతురు సముద్రం దాటుతానని చెప్పింది.

అన్నపూర్ణ చిన్ననాటి నుంచి నాగపూరులో మేనమామ ఇంట పెరిగి బి.ఏ. ప్యాసైంది. ఇంగ్లీషు రాని దేశాల పిల్లలకు ఆ భాష ఎట్లా చెప్పాలో నేర్పే చదువు లండనులో ఉందట. దేశదేశాల మాస్టర్లు వచ్చి అక్కడ కలిసి చదువుతారట. బస్తరు దర్బారు ఒక్కరిని పంపుతామంది. షరతు ఒకటే. పరీక్షకు వచ్చే తెల్లదొర ఎదుట, ఊరి బడిలో దొర్ల తెగ పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. ఇంగ్లీషు తప్ప వేరే భాష నోట రాకూడదు. వస్తువు చూపించి, పని చేసి చూపించి పలికించాలి.

"యుద్ధం అయిపోయినా సముద్రంల బాంబులు తేలుతున్నయంట గదే," అంది తల్లి.

"తేలితే ఓడ పక్కకెళ్లి పోతది."

"ఆ చలికి మనసొంటోళ్లు బతుకుతరా?"

"అమ్మా, రోజుకో తీరుగ సంపుతున్నవు నన్ను. ఏదో ఒక్క సావు ఖాయం చెయ్యరాదు!"

కొట్టులోంచి కాశీవిశ్వనాథం అందుకున్నాడు. "నువ్వు ఉయ్యాలల ఉన్నప్పుడే మీ అమ్మ నిన్ను ఎన్నిసార్లు పాముతోటి కరిపించిందో అడుగు బిడ్డా!"

పాఠం ముందురోజు అన్నపూర్ణ పెరట్లో మామిడికాయలు కోసి గంపలో పోసింది.

"'ఐ ఈట్ ఎ మ్యాంగో' అని కొరికి చూపిస్త. తలొకటి ఇస్త. నోరూరితే మాట అదే వస్తది. బాగుంటది గదమ్మా?"

మంగాదేవికి తెలుసు. మామిడి పండుగ ఇంకా కాలేదు. పూజారి చనిపోయిన పెద్దలకు కొత్త కాయ పెట్టేదాకా దొర్లవాళ్లు మామిడి ముట్టరు. ముందే కొరికితే ఇంటి మీదికి పులి వస్తుందని భయం. ఏటా ఆ పండుగకు కొబ్బరికాయలూ ఊదూ ఆమె చేతుల మీదుగానే అమ్ముడయ్యేవి. ఎక్కడో పెరిగిన పిల్లకు ఈ సంగతి తెలియదు. ఒక్క మాట చెబితే, కాయల బదులు అరటిపళ్లు పట్టుకుపోతుంది.

"బాగుంటది," అంది మంగాదేవి. కాయలు వాడిపోకుండా గంప మీద తడిగుడ్డ కూడా కప్పింది.

మర్నాడు బడి కిటికీ దగ్గర తల్లులతో పాటు నిలబడింది. లోపల దొర కుర్చీలో కూర్చున్నాడు. అన్నపూర్ణ లేచింది, కూర్చుంది, నడిచింది. చేసిన ప్రతి పనికీ మాట చెప్పింది. పిల్లలు నవ్వుతూ గొంతు కలిపారు. తర్వాత కాయ తీసి కొరికింది.

నవ్వులు ఆగిపోయాయి.

ముందు వరుసలో ఉన్న కోసి అనే పిల్ల చేతిలో కాయ పెట్టబోతే, చేతులు వెనక్కి దాచుకుంది. పక్కనున్న పిల్లాడు హుంగా జరిగి జరిగి గోడకు ఆనుకున్నాడు. అన్నపూర్ణ పొట్ట నిమురుకుంటూ మళ్లీ కొరికింది. ఒక చిన్నపిల్ల ఏడుపందుకుంది. ఎంత బతిమాలినా ఒక్కరూ పలకలేదు.

"ఏంది షావుకారమ్మా," అంది పక్కనే ఉన్న కోసి తల్లి బుధ్రి. "పండుగ గాలేదు గదా. నీ బిడ్డకు జెప్పలేదా?"

ఇప్పుడైనా ఒక్క కేక వేయవచ్చు. మంగాదేవి నోరు తెరిచింది. ఓడ గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

దొర గడియారం చూసి లేచాడు.

పొద్దు వాలకముందే కబురు వచ్చింది. లండనుకు, అంతకుముందే పరీక్షయిన తోంగ్‌పాల్ ఊరి మాస్టరు వెళ్తున్నాడు.

అన్నపూర్ణ కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది. "పండుగ సంగతి బుధ్రి జెప్పింది. నీకు ఎరుకేనట గదమ్మా?"

"ఎరుకే."

కూతురు ఏడుస్తుందనుకుంది మంగాదేవి, కంచం విసురుతుందనుకుంది. అన్నపూర్ణ, "సరే," అంది. నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

కొట్టు మూసి వచ్చిన భర్త, "ఇగ నిమ్మళమేనా మంగా? పిల్ల ఎటూ పోతలేదు," అన్నాడు. అది ఓదార్పో ఎత్తిపొడుపో ఆమెకు అర్థం కాలేదు. నిమ్మళం కోసం లోపల వెతుక్కుంది. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టుంది. బాంబుల భయం లేదు, చలి భయం లేదు, వాటి చోట మరేదీ లేదు.

కూతురు వదిలేసిన కంచం దగ్గరకు లాక్కుని, మిగిలిన అన్నం తినసాగింది. అందులో ఉప్పుందో లేదో నాలుకకు తెలియలేదు.