రాట్నానికెక్కిన చక్రం

"ఏందే పద్మా, చెయ్యాడుతలేదు? నా కొడుకు మగ్గం మీద చేతులు ముడుసుకొని కూసోవాల్నా?" వాకిట్లో బియ్యం ఏరుతున్న అత్త రాజవ్వ కేకేసింది. పద్మ మళ్లీ రాట్నం తిప్పింది. కదురు మీద నూలు చుట్టుకుని కండె లావెక్కుతోంది. ఆ కండె మగ్గం మీది నాడెలోకి పోతే, నాడె అటూ ఇటూ ఉరికితే, అప్పుడు గుడ్డ పెరుగుతుంది. తెల్లారి పొయ్యి ముట్టించింది మొదలు దీపాల వేళ దాకా ఆమె చెయ్యి ఆడకపోతే కొత్తవాడలోని ఆ ఇంట్లో బెత్తెడు గుడ్డ కూడా దిగదు. ఈ సంగతి అందరికీ తెలుసు. నోరు తెరిచి అన్న పాపాన ఒక్కరూ పోలేదు.

మొన్న చేనేత సొసైటీ కార్డులు రాసుకోవడానికి వచ్చినాయన "ఇంటామె ఏం పని చేస్తది?" అని అడిగాడు. భర్త వీరభద్రం తలెత్తకుండానే "ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు. అప్పుడూ పద్మ చెయ్యి రాట్నం మీదే ఉంది. ఆయన ఆ చేతిని చూస్తూనే రాసుకుని పోయాడు. చూశావా, కళ్లున్నా కనబడని పనులుంటాయి!

అయితే ఇవాళ ఆమె తిప్పుతున్న చక్రం రాట్నానిది కాదు. ఆమె సైకిల్ ముందు చక్రం. నెక్కొండలో రైలు పట్టాల మీద గ్యాంగ్ కూలీగా చేసిన తండ్రి గట్టయ్య, బిడ్డ పై బడికి పోవాలని కొనిచ్చిన సైకిల్ అది. పెళ్లయ్యాక బస్సు టాపు మీద అత్తారింటికొచ్చి, ఆరేళ్లు నూలు బస్తాల చాటున గోడకానుకుని నిలబడింది.

పోయిన ఆదివారం స్నేహితురాలు అరుణ వచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఇప్పుడు సుబేదారిలో ఉంటూ దవాఖానకు సైకిల్ మీదే డ్యూటీకి పోతుంది. "రాయే, గాలెట్లున్నదో సూడు. గుట్టల దాక పోయొద్దాం" అంది. రాజవ్వ మరిపెడలో చుట్టాలింటికి పోయింది. వీరభద్రం గుడ్డ అప్పజెప్పడానికి పోయాడు. పద్మ ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. కొంగు బొడ్లో దోపి, చక్రాలకు గాలి కొట్టించుకుని బయల్దేరింది.

అబ్బ, ఆషాఢం గాలి! హన్మకొండ దాటి గుట్ట దారి ఎక్కుతుంటే ఎదురొచ్చి రొమ్ము మీద చెయ్యేసి నెట్టింది. మోకాళ్లు పీకాయి. "దిగకే, దిగితే మల్ల ఎక్కలేవ్!" అని అరుణ ముందు నుంచి అరుస్తోంది. పైకి చేరాక గాలికి స్టాండు నిలవక, ఇద్దరూ సైకిళ్లను పట్టుకునే బండ మీద కూర్చున్నారు. అక్కడ "కండెలేవి" అని కేకేసేవాళ్లు లేరు. దిగేటప్పుడు పద్మ కాళ్లు కదపలేదు. ఆరేళ్లలో తాను తిప్పకుండా చక్రం తిరగడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికి వీరభద్రం వచ్చి ఉన్నాడు. పెట్టింది తిని పడుకున్నాడు. గండం గడిచిందనుకుంది పిచ్చిది. తెల్లారి చూస్తే సైకిల్ ముందు చక్రం రాట్నానికెక్కింది, టైరూ ట్యూబూ గూటానికి వేలాడుతున్నాయి. "పాతది ఒంకరపోయింది గద. ఇది నున్నగ తిరుగుతది, నీకే అల్కగైతది" అన్నాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, మేలు చేశానంటే ఏమనాలి? ఊరి నుంచి వచ్చిన రాజవ్వ ముసిముసిగా నవ్వి, "చక్రం మోజుంటే ఇంట్లనే తిప్పు బిడ్డా" అంది. నిజంగానే నున్నగా తిరిగింది. ఆ నున్నదనానికే వారం రోజులుగా పద్మకు కడుపు మండుతోంది.

గుమ్మంలో సైకిల్ గంట మోగింది. అరుణ!

"ఏదే నీ సైకిల్?"

పద్మ రాట్నం వైపు చూపించింది. అరుణ వంగి ఆ చక్రాన్ని ముట్టి చూసింది. "పోనీ, ఫికర్ జెయ్యకు. నా ఎనుక కూసో" అంది మెల్లగా.

పద్మ లేచింది. గడప దాకా పోయి ఆగింది. ఎనుక కూర్చోవడమే గదా ఈ ఆరేళ్లూ చేసింది. వెనక్కొచ్చి, దారాన్ని పంటితో కొరికి తెంపింది. గూట్లోంచి పానా తీసి నట్లు విప్పి, చక్రాన్ని చంకన పెట్టుకుంది. టైరూ ట్యూబూ భుజాన వేసుకుంది. మూలమలుపు పంక్చర్ దుకాణం ఇంకా తెరిచే ఉంటుంది.

లోపల టకటకలాడుతున్న మగ్గం నాలుగు పోగులు నేసి ఆగిపోయింది. వీరభద్రం ఖాళీ నాడెతో బయటికొచ్చాడు. "కండెలేవి? మగ్గమాగింది, ఏం జేస్తానవే?"

"పోతే మల్ల ఈ గడప తొక్కకు!" రాజవ్వ చాట కింద పెట్టి లేచింది.

తిరిగొచ్చేసరికి తలుపేసి ఉండొచ్చు. అయినా పద్మ చక్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని, ముందు చక్రం లేని సైకిల్‌ను హ్యాండిల్ పట్టి లేపింది.

"నాకేం పని లేదని నువ్వే రాయిస్తివి గద" అంది. "జర గుట్టదాక పోయొస్త."