తలుపున్న వంటిల్లు

ఈ గోధుమరంగు టైల్స్ చూస్తే ఉదయశ్రీ ఏమంటుందో, ఏమీ అనదు, అదే కదా తనతో వచ్చిన చిక్కు, పెదవి చివర చిన్న నవ్వొకటి పెట్టుకుని, బాగుంది వైశాలీ, క్యారెక్టర్ ఉన్న ఇల్లు అంటుంది, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాళ్లు పిల్లకి మంచి గుణముందండీ అంటూ లేచిపోతారే, అచ్చం అలాగ, అనేసి తన తెల్లటి ఇంటికి తను వెళ్లిపోతుంది, నేను ఈ గోధుమరంగులో మిగిలిపోతాను, అబ్బ, గుమ్మంలో గోధుమరంగు, మెట్ల మీద తివాచీ గోధుమరంగు, పైన కప్పుకి కొట్టిన చెక్క పలకలూ గోధుమరంగే, అరవై తొమ్మిదిలో కట్టారట, అప్పుడు జర్మనీలో వేరే రంగు దొరికేది కాదేమో, ఫ్రావ్ కెస్లర్ మా ముగ్గురి ముందూ బూడిదరంగు ఉన్ని చెప్పులు వరసగా పెడుతోంది, ఇల్లు అమ్ముతున్నది ఈవిడే, ఎనభై దాటిన మనిషి, నడుం వంచి మరీ పెడుతోంది, వద్దండీ సాక్సులు చాలు అంటే వినదు, నేల చల్లగా ఉంటుంది అంటుంది, విన్నావా రవీ, చల్లగా ఉంటుందట, ఉదయశ్రీ వాళ్లింట్లో జనవరిలో కూడా వట్టికాళ్లతో తిరగొచ్చు, కానీ నా మొగుడు రవీంద్రనాథ్ వినే స్థితిలో లేడు, గోడ మీద అరచెయ్యి పెట్టి జ్వరం చూస్తున్నట్టు నిలబడ్డాడు, గోడ జూసినవా వైశూ, ఎంత మందమున్నదో, ఇప్పటోళ్లు గిట్ల కడ్తరా అంటాడు, మా అమ్మాయి హారిక ముక్కు మూసుకుని హీర్ రీష్ట్ ఎస్ నాహ్ ఓమా అంది, ఇక్కడ బామ్మ వాసనొస్తోందట, నాకు తల కొట్టేసినట్టయింది, ముసలావిడ మాత్రం పకపకా నవ్వి, నిజమే బంగారం, నేను ఓమానే కదా అంది, ఇక దీన్ని తోటలో ఉయ్యాల దగ్గరికి తోలేశాం, అది సరే, ఈ సాయంత్రంలోపు అవునో కాదో చెప్పాలి, ఆరింటికి ఇంకో జంట వస్తారట, వాళ్లు అవునంటే ఇల్లు పోయినట్టే, రెండేళ్ల నుంచి వెతుకుతున్నాం, తోటతో సహా మెట్‌మన్‌లో ఇంతకంటే మంచిది మన చేతికందదు అని రవి, ఇదా మన చేతికందేది అని నేను.

ఏడేళ్లు ఎదురెదురు తలుపులు నాకూ ఉదయశ్రీకీ, డ్యూసెల్‌డార్ఫ్‌లో నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ఒకరింట్లో కరివేపాకు అయిపోతే ఇంకొకరింట్లో తెచ్చుకునేవాళ్లం, మీటె, అదే అద్దె, పెంచుతున్నామని ఇద్దరికీ ఒకే రోజు కబురొస్తే మెట్ల మీద కూర్చుని ఇంటాయన్ని కలిసి తిట్టుకున్నాం, ఎంత సుఖమది, కలిసి తిట్టుకోవడం, అలాంటిది ఒకరోజు తలుపు కొట్టి, మేం రాటింగెన్‌లో ఇల్లు తీసుకున్నామే, కొత్తది, నీకే ముందు చెప్తున్నా అంది, నాకే ముందట, కడుపులో భగ్గుమంది, నోరు మాత్రం కంగ్రాట్స్ అంది, గృహప్రవేశానికి వెళితే ఏముంది, పాల నురుగులాంటి గోడలు, హాలూ వంటిల్లూ అంతా ఒకటే, మధ్యలో మంచమంత తెల్లరాతి బల్ల, దాన్ని ఐలాండ్ అనాలట, మెట్ల కింద నీలం లైట్లు, ఒక్కటైనా వెలగకపోతుందా అని నేను ప్రతి స్విచ్చూ నొక్కి చూశాను, అన్నీ వెలిగాయి, ఛీ, కానీ పాలు, ఆహా, ఆ పాలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం చల్లబడుతుంది, పసుపు రాసిన కొత్త స్టీలు గిన్నె, చుట్టూ అందరం, ఫోన్లో వాళ్లత్తగారు, పాలు అంచుదాకా లేచి ఒక్క చుక్క ఆ నల్లటి అద్దం మీద పడిందో లేదో, కీంకీంకీం అని అరిచి స్టవ్వు తనంతట తనే ఆగిపోయింది, ఇండక్షన్ కదా, తడి తగిలితే ఆగిపోతుందట, వచ్చే పొంగు వచ్చినట్టే దిగిపోయింది, పొంగినట్టేలెండి, పొంగినట్టే అని అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా నేనే కొట్టాను, అప్పుడు ఉదయశ్రీ గిన్నె వైపు చూడలేదు, నా వైపు చూసింది.

సరే, ఇక్కడ మొత్తం పీకిద్దాం, తివాచీ పీకిద్దాం, చెక్క పలకలు పీకిద్దాం, నేల కింద వెచ్చటి గొట్టాలు వేయిద్దాం, మేడ మీద బాత్‌రూమ్‌లో తొట్టీ ఆకుపచ్చే, కమోడూ ఆకుపచ్చే, అదీ మామూలు ఆకుపచ్చ కాదు, గోంగూర పచ్చడి రంగు, ఇందులో పళ్లెలా తోముకున్నారమ్మా యాభై ఏళ్లు, ఇదంతా తెల్లగా చేయించి పైనుంచి వాన పడ్డట్టు నీళ్లు పడే షవర్ పెట్టిద్దాం, ఉదయశ్రీ వాళ్ల షవర్ కంటే ఒక చుట్టు పెద్దది, మెట్ల కింద లైట్లు కూడా, నీలం వద్దు, కాపీ కొట్టానంటుంది, పసుప్పచ్చవి, కింద సెల్లార్‌లో హీటింగ్ చూపించింది ముసలావిడ, చమురు వాసన గుప్పుమంది, ట్యాంకు చుట్టూ తిరిగి రవి బుద్ధిగా తలూపాడు గానీ ఒక్క ప్రశ్న అడగలేదు, బియ్యం మూట కొన్నా పది ప్రశ్నలడిగే మనిషి, సరేలే అనుకుని పైకొచ్చాను, చివరికి వంటిల్లు, దీనికొక తలుపు, ముదురు చెక్కది, ఇత్తడి పిడి, లోపల మనిషి అటూ ఇటూ తిరగడానికే చాలేంత చోటు, నాలుగు నల్లటి ఇనుప పళ్లేల పాతకాలం కరెంటు పొయ్యి, భోజనాల గదివైపు గోడలో గిన్నెలు అందించడానికి రెండు చిన్న చెక్క రెక్కల కిటికీ, ముందు ఈ గోడ కొట్టెయ్యాలి రవీ, తలుపు తీసి అవతల పారేస్తే హాలూ ఇదీ ఒకటైపోతుంది, ఇక్కడ ఐలాండ్ పడుతుందా అని కొలుస్తున్నాను, ఏమంటున్నారు అని ఫ్రావ్ కెస్లర్ అడిగితే రవి జర్మన్‌లో చెప్పాడు, ఆవిడేమీ బాధపడలేదు, మీ ఇల్లు మీ ఇష్టం అంది, కాకపోతే మొన్న మీతో వచ్చిన స్నేహితురాలికి ఈ గదే నచ్చింది, ఈ తలుపేసుకుని ఎంతసేపు ఉందో, నేను పోసిన కాఫీ చల్లారిపోయింది అంది.

ఏ స్నేహితురాలు, ఎర్ర కోటు, పొడుగాటి జడ, చాలా చక్కటి మనిషి అని ముసలావిడ చేత్తో జడ పొడుగు చూపిస్తోంది, అక్కర్లేదు తల్లీ, ఆ జడ నాకు తెలుసు, రవి చెవులు ఎర్రబడ్డాయి, అది కాదు వైశూ, హీటింగ్ జూస్తడని వాళ్లాయన్ని పిల్చిన, ఆయనకు గివన్ని ఎర్క కద, ఆమె గూడ కారెక్కింది, దిగమందునా, నీకు జెప్తే లొల్లి చేస్తవని జెప్పలే, అంటే ఏంటి, నా ఇంట్లోకి నాకంటే ముందు తను అడుగు పెట్టిందా, ఈ ఉన్ని చెప్పులు తొడుక్కుందా, నేను కాళ్లు పెట్టుకున్న ఈ జతేనేమో, ఇప్పుడు నేను ఏం కొన్నా తను చూసి వదిలేసిందే కొంటున్నట్టు, గోంగూర బాత్‌రూమ్ చూసి కార్లో మొగుడూ పెళ్లాం ఎంత నవ్వుకుని ఉంటారో, నవ్వారా అంటే నవ్వలే వైశూ, వాపస్ పోయేటప్పుడు ఆమె ఒక్క మాట మాట్లాడలే అంటాడు, ఒట్టు అంటాడు, మాట్లాడలేదా, ఉదయశ్రీ, కారులో, మాట్లాడలేదా.

తలుపేసుకుని అంతసేపు ఏం చేసింది, చేయడానికేముంది ఇక్కడ, ఆగు, కొత్తింటికి మారినప్పటి నుంచీ రెండు వారాలకోసారి మా అద్దె ఫ్లాట్‌కి వస్తుంది కదా, చేతిలో ఎండు రొయ్యల పొట్లమో వడల పిండి డబ్బానో, ఇక్కడే వేయిద్దామే, మా సోఫాలకి వాసన పట్టేస్తుంది అంటుంది, చూశావా సోఫాల గొప్ప, నా కొంప తనకి కమ్మల పాకలా కనిపిస్తోంది అని పళ్లు నూరుకుంటూ నూనె పొయ్యి మీద పెట్టేదాన్ని, తను చనువుగా మా వంటింటి తలుపు మూసి చిన్న స్టూలు మీద కూర్చునేది, కాళ్లు ముడుచుకుని, మూకుట్లోంచే తీసుకుని నాలుక కాల్చుకుంటూ తినేది, ఎంతకీ లేచేది కాదు, వాళ్లింట్లోనో, చక్కెర డబ్బాకి ఆనించిన ఫోన్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ వాళ్లత్తగారు, ఆ ఐలాండ్ మీద నుంచి ఆవిడకి హాలు కనిపిస్తుంది, మెట్లు కనిపిస్తాయి, పొయ్యి కనిపిస్తుంది, ఏంటమ్మా ఉదయా, ఇంకా కూర తరగలేదా అంటుంది, ఇటు సోఫాలో మొగుడు మీటింగు, కుక్కర్ కూత పెట్టకూడదు, చుట్టాలొస్తే చుట్టూ కూర్చుని చూస్తుంటే నవ్వుతూ దోసెలు వేస్తుంది, ఎక్కడా ఒక గోడ లేదు ఆ మనిషికి, అంటే, అమ్మో, కుళ్లుకుందా, ఉదయశ్రీ, నన్ను చూసి, ఈ గోధుమరంగు కొంప చూసి, ఒళ్లంతా ఒక్కసారి పులకరించింది, కావాలి, ఈ ఇల్లు నాకే కావాలి, ఆరింటికొచ్చే వాళ్ల మొహాన తలుపేసెయ్యాలి, రవీ తీసుకుందాం అనబోయి నోరు తెరిచాను, తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది, పది నిమిషాల క్రితం కొట్టించేద్దామన్న గది ఇది, తను నవ్వుతుందని వద్దనుకున్నాను, తను మెచ్చిందని కావాలంటున్నాను, మధ్యలో నాకేం కావాలో అడిగిన పాపాన పోయానా, రేపు ఇందులో పడుండేది ఎవరు, నేనా తనా, ఒక్క నిమిషం మీరంతా అటుండండి అన్నాను, ఫోను బ్యాగూ రవి చేతిలో పెట్టి వంటింటి తలుపేసుకున్నాను.

బరువైన తలుపే, టక్కున పడింది, రవి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది, సబ్బూ కాఫీ కలిసిన వాసన, కిటికీ అవతల హారిక ఉయ్యాల ఎంత పైకి వెళుతోందో, పడుతుంది ముండ, పడదులే, గొలుసులు గట్టిగానే ఉన్నాయి, ఇనుప పళ్లెం మీట తిప్పాను, అబ్బో ఎంత నిదానం, అరచెయ్యి పైన పెట్టి ఎదురుచూస్తే ఎప్పటికో వెచ్చదనం లేచింది, ఆపేసినా పోలేదు, ఇనుము కదా, అలాగే పట్టుకుని కూర్చుంది, దీని మీద పప్పు పెట్టి ఆపేసి స్నానానికి వెళ్లొచ్చు, వేడి అలాగే ఉంటుంది, పోపుల పెట్టె ఈ అరలో, చింతపండు జాడీ పైన, బియ్యం డబ్బా ఇక్కడ కింద, మోకాలికి తగలదు, సొరుగు లాగితే దారపు ఉండా రెండు బిరడాలూ, పుట్టినరోజు కొవ్వొత్తి ఒకటి సగం కాలినది, స్టూలుంది, కూర్చుంటే వీపు గోడకి ఆనింది, సోమవారం ఆఫీసులో ఆ బెన్ అనేవాడు నా మాటకి మళ్లీ అడ్డొస్తే ఏమనాలో గట్టిగా పైకే అనేశాను, తెలుగులో, మంచి మాటలేం కావు, ఎవరూ ఏంటి అనలేదు, ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చుకోవచ్చు, ఉల్లిపాయలు లేకపోయినా ఏడ్చుకోవచ్చు, ఎండుమిరపకాయలు మాడితే మాడాయి, అద్దె ఫ్లాట్‌లోలా కింద వాళ్లొచ్చి బెల్లు కొట్టరు, చిన్నప్పుడు మా అమ్మ వంట చేస్తూ పాడేది, అన్నీ తప్పు చరణాలు, బయటికొచ్చాక ఎంత బతిమాలినా పాడేది కాదు, నేనూ ఏదో కూనిరాగం తీస్తున్నాను, ఎప్పటి నుంచి తీస్తున్నానో, నా గొంతు ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

గోడలో చెక్క రెక్కలు కిర్రుమని తెరుచుకున్నాయి, ఆ చిన్న కిటికీలో రవి తల, తల ఒక్కటే పడుతుంది అందులో, వైశూ, ఉన్నవా, పోయినవా, ఆరయితుంది, ఇగో ఫోన్ మోగుతుంది అని మోగుతున్న ఫోన్ లోపలికి చాపాడు, ఎవరు అని అడిగాను, ఎవరేందే, ఉదయశ్రీనే, ఇప్పటికి మూడుసార్లు జేసింది అన్నాడు, నేను ఆ పేరు మొదటిసారి విన్నదానిలా అతని మొహంలోకి చూశాను, ఉదయశ్రీ, అవును కదా, ఉదయశ్రీ, ఇంతసేపూ ఎక్కడుంది ఈ మనిషి, బియ్యం డబ్బా దగ్గర లేదు, పొయ్యి దగ్గర లేదు, ఈ స్టూలు మీదే కూర్చుని ఉంటుంది మొన్న, అది కూడా గుర్తు రాలేదు, గృహప్రవేశానికి చప్పట్లు కొట్టిన రోజు నుంచీ నా ప్రతి గదిలో, షాపులో నేను చూసే ప్రతి కుర్చీలో, కొన్న ప్రతి కప్పులో తను కూర్చుని ఉంది, ఈ తలుపు పడ్డాక లేదు, ఇప్పుడు మళ్లీ వచ్చేసింది, ఆ కిటికీలోంచి, ఫోన్ మోగుతూ, వచ్చీరాగానే కడుపులో అదే మంట, ఇది చల్లారే మంట కాదు, ఇల్లు తెల్లగా చేయించినా చల్లారదు, బాత్‌రూమ్ తెల్లగా చేయించుకుంటే చేయించుకుంటాను, లేకపోతే గోంగూరలోనే స్నానం చేస్తాను, ఏమనాలె ఆ ముసలామెకు, తీస్కుందమా వద్దా, గోడ కొట్టనీకి ఎంతయితదో అడగనా అంటున్నాడు రవి, తీస్కుందాం, గోడ జోలికి పోకు అన్నాను, ఫోన్ తీసుకోలేదు, ఉదయశ్రీ వస్తుంది, వచ్చి ఈ తలుపేసుకుంటానంటుంది, రొయ్యలు వేయించుకున్నంతసేపు వేసుకోనిస్తాను, ఆ తర్వాత లేవమంటాను, ఇన్నాళ్లూ నాకు కావలసింది తన ఇంటి లాంటి ఇల్లు అనుకున్నాను, నాకు కావలసింది తను గుర్తు రాని గది ఒక్కటి.