కొంగుచాటు నవ్వు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మా అమ్మాయి సంయుక్త ఇంటి ముందు మంచుకు జారి పడ్డాను. పై వరసలో ముందు పన్ను వేరుదాకా చీలింది. దాన్ని తీసేసి, ఎముకలో స్క్రూ బిగించి, దాని మీద కొత్త పన్ను పెట్టాలన్నారు. ముందుగా ఒకసారి చూడటానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఇచ్చారు.

డాక్టరమ్మ చెప్పేది సంయుక్త నాకు తెలుగులో చెబుతోంది.

“పన్ను పెట్టడం కాదటమ్మా, చుట్టూ చిగుళ్ళ కండ నిలవడమే కష్టమట. నీ ఎముక ముందువైపు బాగా పల్చగా ఉందట. పన్ను తీశాక కండ పైకి పోవచ్చట. నవ్వితే చిగుళ్ళు కనపడేవాళ్ళకైతే అంగిట్లోంచి చిన్న ముక్క కోసి అక్కడ కుడతారట. కనపడకపోతే ఆ కోత అక్కర్లేదట. ఏదీ, బాగా నవ్వు.”

నవ్వబోయాను. చెయ్యి దానంతటదే కొంగు తీసి నోటికి అడ్డం పెట్టింది. డాక్టరమ్మ మెల్లగా నా చెయ్యి దించింది. మళ్ళీ నవ్వాను. పెదవులు విడివడలేదు.

సంయుక్త ఆవిడతో జర్మన్‌లో ఏదో అని నా వైపు తిరిగింది. “మా అమ్మ ఎప్పుడూ ఇంతే నవ్వుతుందని చెప్పాను. కోత తప్పినట్టే. లక్కీ నువ్వు!”

కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు, “ఏమిటా చిగుళ్ళు, నోరు ముయ్యి” అన్నది మొదలు నా నవ్వు కొంగుచాటునే ఉండిపోయింది. తలుపేసుకున్నాక మా ఆయన దగ్గర మాత్రం నవ్వేదాన్ని. “నీకు పళ్ళకంటే చిగుళ్ళే ఎక్కువ నవ్వుతాయే” అనేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఊరుకుంటే కోత తప్పుతుంది. కానీ కండ పైకి పోతే పన్ను ఎలా పొడుగ్గా, చిగురు దగ్గర నల్లగా కనిపిస్తుందో డాక్టరమ్మ బొమ్మలో చూపించింది. అలా అయితే ఆ నవ్వు ఇంక ఎన్నటికీ బయటికి రాదు.

“అమ్మాయ్, ఆవిడతో చెప్పు. నవ్వితే నాకు చిగుళ్ళు కనపడతాయి.”

“ఎవరన్నారు?”

“మీ నాన్న.”

“నేనెప్పుడూ చూళ్ళేదే!”

డాక్టరమ్మ మరోసారి నవ్వమంది. ఆయన మాటలు తలుచుకున్నాను. నవ్వు రాలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చివరికి రెండు వేళ్ళతో పై పెదవి పట్టుకుని, ఆయన చూసినంత ఎత్తుకు లేపి చూపించాను. ఆవిడ ఫోటో తీసుకుంది. కోత ఖాయమైంది.

ట్రామ్‌లో సంయుక్త నా పక్కన కూర్చుంది.

“నాన్న దగ్గరైతే నవ్వేదానివా?”

“ఆయన నవ్వించేవారే.”

“మేం నవ్వించలేదా అమ్మా?”

నా చెయ్యి కొంగు కోసం వెతికింది. కోటు లోపల అది దొరకలేదు.