కనకవల్లి చేతి ఇస్త్రీ

వాషర్‌మెన్‌పేటలో బట్టల అంగళ్ల వెనకవీధి మలుపులో కనకవల్లి ఇస్త్రీ బండి ఉండేది. పొద్దున్నే ఆమె మొగుడు సుందరం బొగ్గులు రాజేసి, ఇస్త్రీ పెట్టె నింపి, నీళ్ల చెంబు అందుబాటులో పెట్టి, రాయపురం గోడౌన్‌లో పనికి బస్సెక్కేవాడు. కనకవల్లి కొంగు దోపుకుని మొదటి మూట విప్పేది. మామూలు రోజుల్లో పెట్టెతో చేసేది. కోపంగా ఉన్న రోజు పెట్టెను పక్కన పెట్టి ఒట్టి అరచేతులతో రుద్దేది.

కోపమొస్తే ఆమె అరచేతులు కాలతాయి. నీళ్లు చిలకరించిన చొక్కా మీద చెయ్యి పెడితే ఆవిరి లేస్తుంది. పెట్టె ఇస్త్రీ సాయంత్రానికి నలుగుతుంది. చేతి ఇస్త్రీ మాత్రం ఆమె కోపం ఉన్నన్నాళ్లూ నిలుస్తుంది, గుడ్డలో వెచ్చదనం కూడా పోదు. వీధిలో అందరికీ ఇది తెలుసు. ఇంటర్వ్యూలకు పోయేవాళ్లు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు ముందుగా వచ్చి, "అక్కా, ఈరోజు మూడ్ ఎట్లుండాది?" అని అడిగేవారు. బాగుందంటే వాళ్ల మొహాలు వాడిపోయేవి. కొందరు కావాలనే గిల్లేవారు. వీధికి నీళ్లు తేవాల్సిన మెట్రో వాటర్ లారీ రాని సంగతి ఎత్తితే చాలు, రెండు వేష్టీ పంచెలకు సరిపడా వేడి పుట్టేది.

ఇంట్లోవాళ్ల బట్టల మీద మాత్రం ఆమె చెయ్యి వేసేది కాదు. కూతురు శరణ్య స్కూలు పావడాలు, కాలేజీ చుడీదార్లు అన్నీ బొగ్గుల పెట్టెతోనే చేసేది. తన కోపాన్ని తన బిడ్డ ఒంటి మీద వేసుకుని తిరగడం ఆమెకు ఇష్టం లేదు.

ఇంట్లో చేతి ఇస్త్రీ పడిన గుడ్డ ఒక్కటే ఉంది. అది ఆమె తమ్ముడు చిన్నప్ప యూనిఫాం చొక్కా. చిన్నప్ప జవానుగా చేరి, శాంతిసేనతో సిలోన్ పోయి, శవప్పెట్టెలో తిరిగొచ్చాడు. వెంట వచ్చిన సామానులో ఆ చొక్కాను ఎవరో ఎట్లాపడితే అట్లా కుక్కిపెట్టారు. కనకవల్లి దాన్ని ఉతికి, ఆరేసి, రెండు చేతులతో రుద్ది ట్రంకుపెట్టెలో పెట్టింది. ఏళ్లు గడిచినా ఆ ట్రంకు మూత వెచ్చగానే ఉండేది. వీధి పిల్లి దాని మీద తప్ప ఇంకెక్కడా పడుకునేది కాదు.

ఆ ట్రంకు ఇంట్లో ఉండగానే శరణ్య సైన్యంలో చేరింది.

ఆ సంగతి చెప్పడానికి బండి దగ్గరికే వచ్చింది, నాన్నను వెంటబెట్టుకుని. పనివేళ సుందరం అక్కడ ఉండటం చూసినప్పుడే కనకవల్లికి అనుమానం రావాల్సింది. డిగ్రీ అయినప్పటి నుంచీ పిల్ల బ్యాంకు పరీక్షలు రాస్తున్నదని ఆమె నమ్మకం.

"మా, నాకు సెలెక్షన్ వచ్చింది," అంది శరణ్య.

"ఏ బ్యాంకు?"

"బ్యాంకు కాదు మా, ఆర్మీ. ఇప్పుడు ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకుంటుండారు. ట్రైనింగ్ ఈడే, మన ఊర్లోనే, పరంగిమలైలో. బీచ్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కితే నేరుగా ఆడ దిగేయొచ్చు."

కనకవల్లి ఇస్త్రీ పెట్టెను ఇటుక మీద పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు సుందరం. "ఎన్.సి.సి.లో ఉన్నప్పట్నించీ దానికి ఇదే ఆశ. నీకు చెప్తే ఒప్పుకుంటావా మే?"

"ఒప్పుకోను. అందుకని తండ్రీ కూతురూ కూర్చుని బ్యాంకు కథ అల్లినారు. ఆ ట్రంకులో ఏముండాదో తెలిసి కూడా."

"మామ జవాను మా. నేను ఆఫీసర్‌ని," అంది శరణ్య.

"వచ్చే తూటా నీ డిగ్రీ సర్టిఫికెట్ చూసి పక్కకి పోతాదా?"

ఆ రోజు బండి మీది బట్టలన్నీ ఆమె చేత్తోనే చేసింది. బట్టల అంగడి సేటు కుర్తా ఒకటి గుండె దగ్గర మాడింది. ఆయన ఆ మాడిన చోటే జేబు కుట్టించుకున్నాడు.

ట్రైనింగ్ చివర తల్లిదండ్రులు వచ్చి పిల్లల భుజాల మీద నక్షత్రాలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఒక భుజానికి నాన్న, ఇంకో భుజానికి అమ్మ. కనకవల్లి పోలేదు. సుందరమే రెండు భుజాలకూ పెట్టొచ్చి, వీధిలో చాక్లెట్లు పంచాడు. ఆమెకు ఒకటి ఇవ్వబోతే అతని అరచేతిలోనే కాగితంతో సహా కరిగిపోయింది.

శరణ్యను సరఫరా విభాగంలో వేశారు. మొదటి పోస్టింగ్ కశ్మీర్. లారీల వరుసలతో కొండదారుల్లో సామాను చేరవేయించే పని. బయలుదేరే ముందు సెలవు మీద ఇంటికి వచ్చింది. కనకవల్లి అన్నం పెట్టింది, మాట్లాడలేదు. తీరా బయలుదేరే రోజు పొద్దున శరణ్య స్నానం చేసి వచ్చేసరికి, ఆమె సంచిలోని బట్టలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. యూనిఫాంలు, ఉన్ని స్వెట్టర్, మేజోళ్లు. కనకవల్లి మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో ఒక్కొక్కటీ రుద్దుతోంది. గదంతా ఆవిరి.

శరణ్య గుమ్మంలోనే ఆగిపోయింది. "నా బట్టల మీద చెయ్యి పెడుతుండావా మా?"

"పెడుతుండాను. నా కోపం ఎట్లుంటాదో నువ్వు కూడా ఒంటి మీద వేసుకుని చూడు."

"ఈ కోపం ఎన్నాళ్లుంటాది?"

"నువ్వు ఆడ ఉన్నన్నాళ్లు."

శరణ్య మొహం ముడుచుకుని వేడి వేడి బట్టలనే సంచిలో సర్దుకుంది. సెంట్రల్ స్టేషన్‌కు సుందరం ఒక్కడే పోయాడు.

తర్వాత వీధివాళ్ల తీరు మారింది. కొత్తగా వచ్చేవాళ్లకు బండి గుర్తు చెప్పాలంటే "మిలిటరీ అమ్మ బండి" అనడం మొదలుపెట్టారు. సుందరం యూనిఫాంలో ఉన్న శరణ్య ఫోటోకు ఫ్రేము కట్టించి బండికి తగిలించాడు. కనకవల్లి దాన్ని బోర్లా తిప్పింది. అతను మళ్లీ సరిచేశాడు. ఆమె మళ్లీ తిప్పింది. అది రోజూ జరిగేది.

రిపబ్లిక్ డే దగ్గరపడుతుండగా భక్తవత్సలం బండి దగ్గరికి వచ్చాడు. ఆయనది మెయిన్ రోడ్డులో పట్టుచీరల అంగడి. వీధి సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు కూడా.

"అమ్మా, ఈసారి సంఘం హాల్లో సన్మానం మీకే. పొన్నాడై కప్పుతాము. వీధి పేరు నిలబెట్టిన తల్లి మీరు," అన్నాడు. అని, మూట కూడా అందించాడు. "నా వేష్టీ, చొక్కా ఇందులో ఉండాయి. చేతి ఇస్త్రీ అయితే బాగుంటాది."

ఆమె రానంది. సుందరం బతిమాలాడు. చివరికి అతని పోరు పడలేక ఒప్పుకుంది.

రిపబ్లిక్ డే నాడు హాలుకు నడుస్తూ సుందరం అన్నాడు, "పొద్దున రేడియోలో చెప్పినారు మే. కశ్మీర్‌లో మంచు విపరీతంగా పడుతుండాదంట. దారులు మూసుకుపోయి బండ్లు నిలిచిపోయినాయంట."

"దాని స్వెట్టర్ చల్లబడదులే," అంది కనకవల్లి. ఆగకుండా నడిచింది.

హాలు నిండింది. ముందు వరుసలో సంఘం పెద్దలందరూ ఆమె చేతి ఇస్త్రీ బట్టల్లో, కత్తుల్లాంటి మడతలతో కూర్చున్నారు. మైకులో శరణ్య పేరు చదివారు. తన కడుపున పుట్టిన పిల్ల పేరు అంత పెద్దగా, ముందు ఆఫీసర్ హోదా తగిలించి వినబడటం కనకవల్లికి అదే మొదటిసారి. పొన్నాడై కప్పారు. బంగారు జరీ శాలువా, బరువుగా ఉంది. కార్పొరేషన్ స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లలో రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడి, ఎవరూ చెప్పకుండానే సల్యూట్ కొట్టింది.

నా బిడ్డ, అనుకుంది కనకవల్లి. ఇస్త్రీ బండి దగ్గర పెరిగిన నా బిడ్డ లారీల వరుసను నడిపిస్తుండాది.

ఆమె నవ్వింది. సుందరం కళ్లు తుడుచుకున్నాడు.

ముందు వరుసలో భక్తవత్సలం కాలరు వాలిపోయింది. పక్కాయన వేష్టీ అంచు నీళ్లలో ముంచినట్టు జారింది. వరుస వరుసంతా, ఒక్కో మడతా సడలి, కొత్త బట్టలు కాస్తా పాతమూటలోంచి తీసినట్టయ్యాయి. కనకవల్లి చూసింది. శాలువా కింద రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంది. చెంబులో నీళ్లంత చల్లగా ఉన్నాయి.

స్వెట్టర్ గుర్తొచ్చింది. మంచులో నిలిచిపోయిన బండ్లు గుర్తొచ్చాయి.

కోపం తెచ్చుకోవాలనుకుంది. వాటర్ లారీని తలుచుకుంది. ఏమీ కాలేదు. సుందరం చెప్పిన బ్యాంకు అబద్ధాన్ని తలుచుకుంది. ఎదురుగా అతను చిన్నపిల్లాడిలా ముక్కు చీదుకుంటున్నాడు, అతని మీద కోపం నిలవలేదు. సల్యూట్ కొట్టిన పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఆ పిల్లను చూసినప్పుడల్లా చేతులు ఇంకాస్త చల్లబడుతున్నాయి. కూతుర్ని చూసి గర్వపడే హక్కు ఏ తల్లికైనా ఉంటుంది. ఆ హక్కు కూడా తనకు లేకుండా పోయిందని తెలిసి ఆమెకు ఒళ్లు మండాలి. కానీ గర్వం ఎంత తియ్యగా ఉందంటే, మంట అంటుకోవడం లేదు.

అప్పుడు భక్తవత్సలం లేచి మైకు అందుకున్నాడు.

"ఈ కుటుంబానికి త్యాగం కొత్త కాదు. మన చిన్నప్పను ఈ వీధి ఏనాటికీ మరవదు. ఈ తల్లి ఆనాడు తమ్ముణ్ణి దేశానికి ఇచ్చింది. ఈనాడు కూతుర్ని ఇచ్చింది. రేపు ఏం జరిగినా..."

కనకవల్లి ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేను ఎవర్నీ ఇవ్వలేదు," అంది. "నన్నెవరూ అడగనూ లేదు. చిన్నప్పను మరవలేదంటుండావు గదా, చిన్నప్ప పెట్టె వచ్చిన రోజు ఈ హాలు తాళం ఎవరి చేతిలో ఉండింది?"

"అమ్మా, అదంతా ఇప్పుడెందుకు..."

"నీ చేతిలో. సిలోన్ పోయి ఆడి తమిళుల మీద తుపాకీ పట్టినోడు, వాడి శవాన్ని లోపల పెట్టనిస్తే ఈడోళ్లు గలాటా చేస్తారన్నావు. అంగడి షట్టర్ కూడా దించేసినావు. ఎండలో, నడిరోడ్డు మీద, నా బండి పక్కన పెట్టుకున్నాము వాణ్ణి. ఈ వీధిలో ఒక్కడూ చెంబుడు నీళ్లు తేలేదు. ఇప్పుడు మీ చొక్కాలు మెరవాలని నన్ను పిలిచి శాలువా కప్పుతుండారు. రేపు ఏం జరిగినా అంటివే, ఏం జరగాల? నా బిడ్డ బతికుండాది. తిరిగొస్తాది. దాన్ని అప్పుడే పటం కట్టొద్దు."

"మెల్లిగా మాట్లాడమ్మా," అన్నాడు భక్తవత్సలం. మాట సగంలో ఆగింది. వాలిపోయిన కాలరు ఒక్కసారిగా నిటారుగా లేచి ఆయన గొంతు పట్టుకుంది. ముందు వరుసలో వేష్టీలన్నీ ఫట్‌మని సాగి బిగుసుకున్నాయి. మైకు చుట్టూ ఉన్న టేపు కరిగి ఆమె వేళ్లకు అంటుకుంది. పొన్నాడై జరీ భుజాల మీద నల్లబడుతుంటే కనకవల్లి దాన్ని తీసి కుర్చీ మీద పడేసి, మెట్లు దిగి ఇంటికి పోయింది.

ట్రంకు మీంచి పిల్లి అప్పటికే దిగిపోయి గుమ్మంలో కూర్చుని ఉంది. కనకవల్లి మూత తాకి చూసింది. సుర్రుమంది.

కొద్దిరోజులకు, పక్కవీధిలో ఎస్టీడీ బూత్ నడిపే పంకజం మనిషిని పంపింది. శరణ్య లైన్లో ఉందంట. కనకవల్లి పోయి రిసీవర్ అందుకుంది.

"బాగుండావా?" అంది. చాలా నెలల తర్వాత కూతురితో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"ఉండాను మా. రిపబ్లిక్ డే నాడు మా బండి మంచులో కూరుకుపోయింది. నేనూ, డ్రైవరూ. సాయంత్రానికి గానీ దారి తవ్వుకుంటా మనుషులు రాలేదు. వెనక బండ్లలో వాళ్లకు మంచుకు చచ్చుబడిన కాలివేళ్లు తీసేసినారు."

"నీకు?"

"నాకేం కాలేదు. నీ బట్టలుండాయి గదా. స్వెట్టర్ నేను వేసుకుని, మిగిలినవన్నీ డ్రైవర్‌కి చుట్టబెట్టినాను. వెచ్చగా కూర్చున్నాము. మధ్యలో ఉన్నట్టుండి అన్నీ చల్లబడిపోయినాయి మా. డ్రైవర్ మాట్లాడ్డం మానేసినాడు. నాకూ నిద్ర ముంచుకొచ్చేసింది. ఇంక అయిపోయిందనుకున్నా. అంతలో మళ్లీ వేడి. ఎంత వేడంటే, ఉన్ని మాడు వాసనకి ఇద్దరం లేచి కూర్చున్నాము." శరణ్య గొంతు తగ్గించింది. "ఆ వేళ నువ్వేం చేసినావు మా?"

"మీటింగ్‌లో మాట్లాడినాను."

"నువ్వా? ఎవరితో?"

"భక్తవత్సలంతో."

శరణ్య నవ్వింది. అంత దూరం నుంచి వచ్చిన నవ్వు గరగరలాడింది. తర్వాత అడిగింది, "ఇంకా కోపంగానే ఉండావా?"

"ఉండాను."

"ఉండు మా," అంది శరణ్య.

కనకవల్లి రిసీవర్ పెట్టేసింది. పంకజం తర్వాత చూసుకుంటే దాని పిడి మీద నాలుగు వేళ్ల గుర్తులు దిగబడి ఉన్నాయి.

ఇప్పుడు బండి దగ్గర ఎవరూ మూడ్ అడగరు. బొగ్గుల పెట్టె తుప్పుపడుతోంది. శరణ్య ఫోటో బోర్లా తిప్పే ఉంటుంది, సుందరం సరిచేయడు. దాని వైపు ఎక్కువసేపు చూస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అతను పొద్దున్నే లేచి, నీళ్ల చెంబు నింపిపెట్టి, బస్సుకు పోయే ముందు పెళ్లాం ఎదురుగా వచ్చి నిలబడతాడు.

"బ్యాంకు పరీక్షలంటూ నీకు అబద్ధం చెప్పమన్నది నేనే," అంటాడు. "అది వద్దనింది. నేనే చెప్పమన్నాను."

కనకవల్లి అతన్ని పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి చొక్కా మీద చెయ్యి పెడుతుంది. ఆవిరి లేచేదాకా ఆగి, సుందరం బస్సెక్కుతాడు.